మబ్బు పట్టినా తగ్గని గీత

అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అంటారు. సోమరాజు మాస్టారి దగ్గర ఆ సామెత చెల్లదు. ఆయన్ని ప్రశ్న అడిగినవాడికి జవాబు దొరికేలోగా ఏదో ఒక పని నెత్తిన పడుతుంది. చేతికి మట్టో మసో అంటకుండా ఆయన దగ్గర జవాబు పుచ్చుకున్నవాణ్ణి నేనింతవరకు చూడలేదు. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యాక ఆయన లోసరిగుంట రొయ్యరైతుల సంఘంలో ఒక కంప్యూటర్ల గది పెట్టించి, మాబోటి వాళ్ళని చేరదీసి పని నేర్పుతున్నారు. మమ్మల్ని శిష్యులని ఆయన ఎన్నడూ అనలేదు, మేమే అనుకుంటాం. మా అందరిలో ఆ మాటకు తగినవాడు భద్రం. తెలివైనవాడు, పట్టుదల గలవాడు. ఓపిక మాత్రం భగవంతుడు కాస్త తగ్గించి ఇచ్చాడు. ఒకనాడు ఈ భద్రం మాస్టారిని ఒక ప్రశ్న అడిగాడు. ఎన్నిసార్లు అడిగినా నోరు విప్పని దాన్ని ఏం చెయ్యాలి, అని.

వాడు తాపీగా కూర్చుని వేదాంతం కోసం అడిగిన ప్రశ్న కాదది. తలప్రాణం తోకకొచ్చినప్పుడు అడిగాడు. అదెందుకో తెలియాలంటే సంఘం పని ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి. మా ప్రతి చెరువులోనూ నీళ్ళ మీద తేలే బ్యాటరీ మీటరు ఒకటి ఉంటుంది. నీళ్ళలో ఆక్సిజన్ ఎంతుందో కొలిచి ఆ అంకెను సంఘం సర్వరుకు పంపుతుంది. ఆ అంకెలను గీతలుగా గీసి, బొమ్మగా చేసి, రైతుల ఫోన్లకు పంపే సరంజామా ఒకటి సర్వరులో ఉంటుంది. గ్రాఫ్ లైబ్రరీ అంటారు దాన్ని. అంకె చూస్తే ఇప్పుడెంతుందో తెలుస్తుంది, గీత చూస్తే ఎటు పోతోందో తెలుస్తుంది. రొయ్యల రైతుకి ప్రాణం ఆ రెండోదాని మీదే ఉంటుంది.

ఆ రోజు మధ్యాహ్నం గాలివానతో వచ్చిన పిడుగు ఊళ్ళో ట్రాన్స్‌ఫార్మర్‌నీ సంఘం పాత సర్వరునీ ఒక్కసారే పొట్టన పెట్టుకుంది. వాన వెలిసింది గాని మబ్బు కదల్లేదు. ఎండ లేని రోజు నీళ్ళలో ఆక్సిజన్ సరిగా పుట్టదు, పొద్దుగూకాక ఇక తగ్గడమే. సొంత జనరేటర్లున్న పెద్ద రైతులు నీళ్ళు చిలికే ఏరేటర్లు తిప్పుకుంటున్నారు. లేనివాళ్ళందరికీ కలిపి సంఘానికున్నది ట్రాక్టరు ట్రాలీ మీద ఒకే ఒక్క జనరేటరు. ఎవరి గీత అన్నిటికంటే జోరుగా పడిపోతుంటే వాళ్ళ గట్టుకు అది వెళ్ళాలని సంఘం కట్టుబాటు. బురదైన కాలవగట్ల మీద చీకట్లో ట్రాలీ తిప్పడం అయ్యే పని కాదు. అంటే వెలుగుండగానే ఒక గట్టు ఎంచుకోవాలి. ఆ ఎంపిక తప్పితే తెల్లారేసరికి ఎవరో ఒక రైతు పంట మొత్తం చచ్చి నీళ్ళ మీద తేలుతుంది.

కొత్త సర్వరును భద్రం చకచకా నిలబెట్టాడు. ఇన్వర్టరు మీద అది నడుస్తోంది, మీటర్ల నుంచి అంకెలు వచ్చి చేరుతున్నాయి. గ్రాఫ్ లైబ్రరీ కూడా ఎక్కించాడు. పేజీ తెరిస్తే గీతలుండవలసిన చోట చిరిగిన బొమ్మ గుర్తు ఒకటి కనబడింది. లైబ్రరీ తీసేసి మళ్ళీ ఎక్కించాడు, అదే గుర్తు. దాని పాత వెర్షను తెచ్చి వేశాడు, అదే గుర్తు. ఫోల్డర్ల అనుమతులు మార్చాడు, సర్వరు ఆపి మళ్ళీ లేపాడు. ఆ చిరిగిన బొమ్మ మాత్రం వాణ్ణి వెక్కిరిస్తూ అక్కడే ఉంది. తప్పేమిటో ఒక్క ముక్క చెబితే దిద్దుకోడానికి వాడు సిద్ధమే. అది చెప్పదు. బయట ట్రాక్టరు మీద సంఘం డ్రైవరు అబ్బులు ఎటు పోనివ్వాలో తెలియక బీడీ మీద బీడీ కాలుస్తున్నాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మధ్యలో ఫోన్లు. మా గీత ఏదంటే మా గీత ఏదని రైతులు. వాళ్ళలో మంగతాయారు గారు ఒకరు. ఆవిడకు తూర్పు గట్టున ఉన్నది ఒక్కటే చెరువు. పెనిమిటి పోయాక పట్టుబట్టి తానే లీజుకు తీసుకుని చేస్తోంది. పంట పట్టుబడికి వచ్చింది. ఇది చేతికందితే చెరువు ఆవిడకు నిలుస్తుంది. అందకపోతే పక్క చెరువు చేస్తున్న మరిది దాన్ని కలిపేసుకోడానికి కాచుక్కూచున్నాడు. ఆ మరిదికీ ఆవిడకీ పడదన్నది ఊరంతా ఎరిగిన సంగతే.

"బాబూ, మా మరిది మేత పడవండీ," అని మొదలుపెట్టింది ఆవిడ. "దాని తాడు పొద్దున్నే చెప్పాను, చీకిపోయిందిరా మార్చుకోమని. వింటాడాండీ ఆడు..."

ఈ వేళప్పుడు మరిదితో తగువు వినే తీరిక భద్రానికి లేదు. చెరువు నెంబరు చెప్పండి చాలన్నాడు. నెంబరు ఆవిడకు తెలియదు. ముందు పడవ సంగతి వినమంది. వాడు జాబితాలో పేరు పట్టి వెతికి చూశాడు. అప్పటికి వచ్చిన అంకెల్లో ఆవిడదే అన్నిటికంటే మెరుగ్గా ఉంది. మీ చెరువు బంగారంలా ఉందమ్మా, బెంగపడకండని చెప్పి పెట్టేశాడు. మళ్ళీ చేసింది. మళ్ళీ పడవ దగ్గరే మొదలుపెట్టింది. ఈసారి వాడు పూర్తిగా విననైనా వినకుండా కట్ చేసి, మాస్టారి వైపు తిరిగి, నేను ముందు చెప్పిన ఆ ప్రశ్న అడిగాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

మాస్టారు అంతసేపూ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. లేచి వచ్చి వాడి భుజం మీదుగా తెర చూశారు. ఈ ప్రోగ్రాం మొట్టమొదట బ్రౌజరుకు ఏం చెబుతోందని అడిగారు. ఇప్పుడు వచ్చేది బొమ్మ అని చెబుతుందన్నాడు భద్రం. అది ఏ గ్రాఫ్‌కైనా ఉండేదే, కొత్తదేం కాదు.

"ఆ లైను తీసెయ్యి," అన్నారు మాస్టారు. "కాసేపు దాన్ని బొమ్మ అడక్కు."

బొమ్మే కదండీ కావలసింది, అని గొణుగుతూనే భద్రం ఆ లైను తీసి పేజీ తెరిచాడు. చిరిగిన గుర్తు లేదు. దాని చోట అక్షరాలున్నాయి. ఒకే ఒక్క వాక్యం. చెరువుల పేర్లు రాయడానికి కావలసిన తెలుగు అక్షరాల ఫాంటు ఫలానా ఫోల్డరులో దొరకలేదు, అందుకని ఆగిపోయాను, అని దాని సారాంశం. ఫైలు పేరూ ఉంది, ఫోల్డరు పేరూ ఉంది. పాత సర్వరులో ఎప్పుడో ఎవరో పెట్టిన ఫాంటు అది. కొత్తదాంట్లో పెట్టాలని ఎవరికీ తోచలేదు.

భద్రం ఆ వాక్యాన్ని మళ్ళీ ఒకసారి చదివాడు. పేజీ తెరిచిన ప్రతిసారీ లైబ్రరీ ఆ మాటే చెప్పింది. రాబోయేది బొమ్మేనని ముందే చాటింపు వేసి ఉంచడం వల్ల, వచ్చిన మాటను బ్రౌజరు బొమ్మగా చూడబోయి, అది బొమ్మ కాకపోయేసరికి చించిపారేసింది. వాడికి సిగ్గూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఎవరి మీద మండాలో తెలియక గబగబా పక్క కంప్యూటరులోంచి ఫాంటు తెచ్చి చెప్పిన చోట పెట్టి, తీసిన లైను మళ్ళీ చేర్చాడు. గీతలు వచ్చాయి. చెరువుల పేర్లతో సహా ఒక్కొక్కటే తెర మీదకు దిగాయి.

గదిలో ఉన్నవాళ్ళమంతా ఊపిరి పీల్చుకున్నాం. ఇంచుమించు అన్ని గీతలూ కిందికే దిగుతున్నాయి, అన్నిటికంటే జోరుగా దిగుతున్నది పడమటి గట్టుది. భద్రం కిటికీలోంచి కేకేశాడు. అబ్బులు బీడీ పారేసి ట్రాక్టరు కదిలించాడు. కాలవ మలుపు తిరిగి దాని చప్పుడు సన్నగిల్లేదాకా భద్రం అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి, పైన అడ్డంగా తాడు లాగినట్టున్న ఒక గీత మీద వేలు పెట్టి మాస్టారికి చూపించాడు. ఇందాక ఊరికే గోల పెట్టిన మంగతాయారు గారిది ఇదేనండీ, అందరికంటే బాగుంది, అన్నాడు.

మాస్టారు ఆ గీతను చూశారు. తరువాత కిటికీలోంచి ఆకాశం చూశారు.

"ఆవిడ చెరువు మీద మబ్బు లేదా?" అన్నారు.

భద్రం మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఊరి చెరువులన్నిట్లో ఆక్సిజన్ తగ్గుతుంటే ఆ ఒక్కదాంట్లో తగ్గడం లేదు. అంకె ఒంటరిగా ఉన్నప్పుడు బంగారంలా కనబడింది, గీతైన తరువాత అబద్ధంలా కనబడుతోంది. ఫోను చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. చాలాసేపు మోగాక ఎత్తి, నాకు నెంబరు తెలీదని చెప్పాను కదా బాబూ, అంది ఆవిడ.

"నెంబరొద్దండి," అన్నాడు భద్రం. "పడవ సంగతి చెప్పండి."

ఆవిడ మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టింది. తాడు చీకిపోవడం, మార్చమని తాను చెప్పడం, మరిది వినకపోవడం, అసలు ఆ పడవ మామగారి హయాంలోది కావడం. భద్రం రెండుసార్లు నోరు తెరిచి రెండుసార్లూ మూసుకున్నాడు. బయట వెలుగు పలచబడుతోంది. గాలికి ఆ తాడు తెగిందట. పడవ రెండు చెరువుల మధ్య గట్టుకు పడ్డ గండిలోంచి ఇవతలికి కొట్టుకొచ్చి మీటరు మీదకెక్కిందట. మీటరు తిరగబడి, నీళ్ళలో ఉండాల్సిన బుడిపె పైకి లేచి గాల్లో ఉందట.

"గాలిని కొల్చి గాలెక్కువుందని చెప్తందేమోనండి అది," అంది ఆవిడ. "రొయ్యేమో గట్టుకి కొట్టుకొచ్చేస్తంది. నా కళ్ళముందే, నేనేం చెయ్యనండి."

అబ్బులికి ఫోను చేస్తే ట్రాక్టరు చప్పుడులో వాడికి వినబడలేదు. భద్రం మోటారుసైకిలు తీసి బురదలో పడుతూ లేస్తూ వెంటపడ్డాడు. నేను వెనక కూర్చున్నాను, ఏ దేవుడికి మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు. లాకుల వంతెన దగ్గర అందుకున్నాం. వంతెన దాటితే ట్రాలీ తిప్పే చోటు లేదు. తూర్పు గట్టుకు తిప్పమంటే అబ్బులు నమ్మలేదు. గీత పడమర అంది కదా, రేపు పడమటోళ్ళు అడిగితే ఏం చెప్పను, గీతలో తూర్పు ఎక్కడుందని నిలదీశాడు. న్యాయమైన మాటే. పడమటి గట్టు గీత నిజం, అది నిజంగానే పడుతోంది. తూర్పుకు చూపించడానికి భద్రం చేతిలో ఒక మనిషి మాట తప్ప గీత లేదు, అంకె లేదు. వాడు వంతెన మీద నిలబడి రెండు వైపులా చూశాడు. పడమటివాళ్ళని మేత ఆపి ఆయిలింజనుతో కాలవనీళ్ళు తోడమని నేను చెబుతాను, వాళ్ళకింకా కొంత వ్యవధి ఉంది, ఆవిడకు లేదు, అడిగితే నా పేరు చెప్పు, అన్నాడు. అబ్బులు ఒక్క క్షణం వాడి మొహంలోకి చూసి స్టీరింగు తిప్పాడు.

మేం తూర్పు గట్టుకు చేరేసరికి మంగతాయారు గారు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, ఏమీ తోచక, చేటతో నీళ్ళు ఎగజిమ్ముతోంది. గట్టు పొడుగునా రొయ్యలు మూతులు పైకెత్తి ఉన్నాయి. కొన్ని అప్పటికే వెల్లకిలా పడ్డాయి. జనరేటరు స్టార్టయి ఏరేటర్లు తిరగడం మొదలుపెట్టాక కూడా ఆవిడ చేట ఆపలేదు. కాసేపటికి గట్టువార ఉన్నవి ఒక్కొక్కటే లోపలికి జారుకోవడం కనిపించింది. అప్పుడు ఆవిడ చేట పక్కన పడేసి గట్టు మీద కూలబడి, పైటచెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పోయినవి పోగా పంట నిలిచింది. పడమటి గట్టువాళ్ళు తోడిన నీళ్ళతో ఎలాగో నెట్టుకొచ్చారు. తరువాత వాళ్ళు భద్రాన్ని నాలుగు మాటలన్నారు, వాడు పడ్డాడు.

తిరిగి వచ్చేసరికి మాస్టారు గదిలోనే ఉన్నారు. తెర మీద మంగతాయారు గారి గీత ఒక్కసారిగా కిందికి పడిపోయి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి లేస్తోంది. ఎవరో మీటరును తిరిగి నీళ్ళలో నిలబెట్టి ఉంటారు. భద్రం బురద కాళ్ళతో గుమ్మంలోనే నిలబడి ఆ గీతను చూశాడు. వాడి మనసులో ఆ సాయంత్రమంతా తిరుగుతున్న మాట అప్పుడు బయటికొచ్చింది.

"అయితే మాస్టారూ, నోరు విప్పనిదంటూ ఏదీ ఉండదంటారా?"

మాస్టారు కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"నాకేం తెలుసయ్యా," అన్నారు. "నేనూ ఇన్నాళ్ళూ అడిగినదానికి జవాబే వింటూ వచ్చాను, చెప్పేది కాదు."