ఎక్కడికీ పోని అచ్చెమ్మ

పూర్వం ఒక కోటలో అచ్చెమ్మ అనే ఆవిడ గానుగెద్దు వెంట పొద్దస్తమానం తిరుగుతూ ఉండేది. కొండ అవతలి ఊళ్లో ఉన్న తల్లిని చూసి రెండేళ్లయింది. అటునుంచి గాలి వీస్తే చాలు, ఆమె అడుగు తడబడేది.

ఒకనాడు కోట దొరను సెలవడిగింది. "రోజూ ఆమడ దూరం నడుస్తున్నాను దొరా, కాళ్లు పడిపోతున్నాయి. ఒక్క రోజు అమ్మను చూసొస్తాను."

దొర పకపకా నవ్వాడు. "అదేం నడకే? పొద్దున ఎక్కడున్నావో సాయంత్రం అక్కడే ఉంటావు. అంటే నువ్వెక్కడికీ పోనట్టే. ఎక్కడికీ పోనిదానికి అలుపేమిటి, సెలవేమిటి?"

మర్నాడు గానుగ ఆగిపోయింది. సూర్యాస్తమయానికి అచ్చెమ్మ రొప్పుతూ వచ్చి ఎద్దు పక్కన నిలబడింది. దొర మండిపడ్డాడు. "ఎక్కడికి పోయావే?"

"ఎక్కడికీ పోలేదు దొరా. పొద్దున ఈ గానుగ దగ్గరే ఉన్నాను, ఇప్పుడూ ఇక్కడే ఉన్నాను. తమరు చెప్పిన లెక్కే కదా!"

దొర చూపు దుమ్ము కొట్టుకుపోయిన ఆమె కాళ్ల మీద పడింది. మెల్లగా అడిగాడు. "మీ అమ్మ బాగుందా?"

అచ్చెమ్మ కళ్లు నిండాయి. "పప్పన్నం కలిపి ముద్దలు పెట్టింది దొరా. సగం తిన్నానో లేదో, పొద్దు వాలుతోందని లేచి వచ్చేశాను."

దొర తల దించుకున్నాడు. "రేపు మళ్లీ వెళ్లు. ఈసారి కడుపు నిండాకే లే."