ముందు సుద్ద, తరవాత రంగు

మా ఆచారి గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. "మనిషికి ఓపిక ఎలా వస్తుందండీ?" అని ఒకసారి బుద్ధి గడ్డి తిని అడిగాను. ఇత్తడి తీగ చేతికిచ్చి, షెడ్డులో చేస్తున్న నమూనా బండి ఆరు చక్రాలకీ కలిపి నూట ఎనభై బోల్టు తలలు చెయ్యమన్నారు. నెల పట్టింది. ఓపిక రాలేదు గానీ అలాంటి ప్రశ్నలు అడగడం మానేశాను.

ఆయన పేరు కొమ్మోజు సింహాద్రాచారి. విశాఖపట్నంలో ఓడలు కట్టేచోట ముప్పై నాలుగేళ్ళు నమూనా వడ్రంగి. ఇనుము పోతపోసే ముందు, అచ్చు తీసుకోడానికి అదే వస్తువుని కర్రతో చెయ్యాలి. అది ఆయన పని. పోత అయ్యాక ఇనుప వస్తువు ఓడ ఎక్కి దేశాలు తిరుగుతుంది, కర్ర నమూనా కొన్నాళ్ళకి పొయ్యిలోకి పోతుంది. చేసినవాడి పేరు ఎక్కడా ఉండదు. రిటైరయ్యాక కంచరపాలెంలో ఒక రేకుల షెడ్డు తీసుకుని, ఆశ పుట్టినవాళ్ళకి చిన్న ఓడలూ బళ్ళూ చెయ్యడం నేర్పుతున్నారు. నేను పోస్టాఫీసులో ముద్రలు కొట్టి కొట్టి బయటపడ్డవాణ్ణి, అప్పలస్వామిని. ఆయన శిష్యుల్లో వయసుకి పెద్దవాణ్ణి, పనిలో అందరికన్నా చిన్నవాణ్ణి.

ఆ ఏడాది మా షెడ్డులో బాతుబండి తయారవుతోంది. రెండో యుద్ధంలో సముద్రం మీంచి సరుకులు మోసుకొచ్చి, ఒడ్డు తగలగానే లారీలా ఇసకెక్కి పోయే బండి ఒకటుండేది. ఆరు చక్రాలు, పడవ పొట్ట, వెనక నీళ్ళు తోసే పంకా. దాన్ని అప్పటి సిపాయిలు బాతు అనే పిలిచేవారట. ఊళ్ళో ఒక స్మారక సంఘంవారు యుద్ధాల ప్రదర్శనశాల కడుతూ, దాని నమూనా పెద్దది కావాలని ఆచారి గారిని అడిగారు. అసలు బండిలో ఆరో వంతు, అంటే ఐదడుగుల పైచిలుకు. బజార్లో పెట్టెలో దొరికే ముక్కలు తెచ్చి అతికించేది కాదు. నాలుగు పాత ఫొటోలు, ఒక కొలతల కాగితం, మిగతాదంతా ఆయన బుర్ర. పొట్ట నూనె డబ్బాల రేకుతో చేశారు. టైర్లు పోర్టులో పారేసిన కన్వేయరు బెల్టు రబ్బరు. స్టీరింగు చక్రం ఆయన మనవరాలి ఇత్తడి గాజు. ఆ పిల్ల ఏడిస్తే రెండు గాజులు కొనిచ్చారు, అది వేరే సంగతి.

సంఘం అధ్యక్షులు కలిదిండి భద్రరాజు గారు మొదటిరోజే, "అద్దాల పెట్టెలో పెట్టేదే కదండీ, లోపల కర్రదుంగ పెట్టేసి పైన రేకు తొడిగెయ్యండి" అన్నారు. ఆచారి గారు, "బండైతే దొర్లాలి, పడవైతే తేలాలి. ఇది రెండూనండి" అన్నారు. అంతటితో ఆ మాట ఆగింది. పదకొండు నెలలు పట్టింది. రాజు గారు కూడా మంచివారే, ముచ్చటపడి ఒక ఇత్తడి పలక చేయించారు. దాని మీద "నిర్మాత: కొమ్మోజు సింహాద్రాచారి" అని చెక్కించి తెచ్చి చూపించారు. ఆచారి గారు ఆ పలకని చేతిలోకి తీసుకుని, అక్షరాలని బొటనవేలితో తడిమి, తిరిగిచ్చేశారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషికి ఒక వస్తువు మీద పేరు పడడం అదే మొదటిసారి.

ఇక నా వెధవపని చెప్పాలి. నీళ్ళలో దిగే ఏ పొట్టకైనా మా షెడ్డులో ఒక పద్ధతుంది. అతుకులకి బయటివైపు సుద్దనీళ్ళు పట్టించి ఆరనివ్వాలి. లోపలివైపు కిరసనాయిలు పూయాలి. ఎక్కడ సూదిమొనంత కన్నమున్నా కిరసనాయిలు దూరి, తెల్లటి సుద్ద మీద మరకై కనిపిస్తుంది. ముందు సుద్ద, తరవాత రంగు. ఇది తిరగబడకూడదు. రంగు ముందు వేస్తే ఆ పొర కన్నాల్ని మూసేసి, సుద్ద తెల్లగానే ఉంటుంది. నాలుగు రోజుల తరవాత నీళ్ళలో పొర విడుతుంది, అప్పుడు తెలుస్తుంది మన బతుకు. ఆచారి గారు ఏటికొప్పాకలో పెళ్ళికి వెళ్ళిన రోజున, రాజు గారు రంగు చూడ్డానికి వస్తున్నామని కబురంపారు. నాకు హుషారెక్కింది. ఆకుపచ్చ రంగు రెండు పూతలు దట్టించాను. వేసేశాక సుద్ద గుర్తొచ్చింది. రంగు మీదే పట్టించి చూశాను. మరక లేదు. ఆచారి గారు తిరిగొచ్చి, "సుద్ద పట్టించావా?" అన్నారు. "పట్టించానండి, మరక రాలేదు" అన్నాను. ఒక్క ముక్క అబద్ధం లేదు చూశారా!

బండిని తీసుకుపోడానికి వ్యాను వచ్చే రోజు పొద్దున్న తొమ్మిదింటికి పైలా కనకరత్నం వచ్చింది. మా అందరిలోకీ చెయ్యి తిరిగిన శిష్యురాలు ఆవిడే. ఊరి అవతల ఒక ప్రైవేటు యార్డులో వెల్డరు. గోదావరి మీద జనాన్ని తిప్పే లాంచి ఒకటి అక్కడ కడుతున్నారు. ఆవేళ ఆవిడ ముఖం పీక్కుపోయి ఉంది.

"ఆచారి గారూ, ఒక మాట అడగాలండి," అంది నిలబడే. సంచీలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. "లాంచి అడుగు అతుకులు పరీక్ష చేసినట్టు దీని మీద నేను సంతకం పెట్టాలి. రెండింటిలోగా ఇచ్చెయ్యమన్నారు. లేకపోతే రేపట్నుంచి రావొద్దన్నారు. ఇంట్లో నా ఒక్క జీతమేనండి. సంతకం పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు, లాంచి ఎలాగూ నీళ్ళలో దిగుద్ది. నేనొక్కదాన్నీ మొండికేస్తే ఏటవుద్ది చెప్పండి?"

ఆచారి గారు కాగితం కేసి చూడలేదు. "సుద్ద వేశారా?" అని అడిగారు.

"వేశారండి. మరక రాలేదు."

"ముందు రంగా, ముందు సుద్దా?"

రత్నం తల వంచుకుంది. "ముందు రంగేనండి. తొందరని రాత్రికి రాత్రి పూసేశారు."

ఆచారి గారు నెమ్మదిగా నావైపు తిరిగారు. "మనదో, అప్పలస్వామీ?" అన్నారు, అంతే.

పోస్టాఫీసులో ఎంతమంది ఇన్‌స్పెక్టర్లని చూశానో నేను. ఒక్కరి ముందూ తప్పు ఒప్పుకోలేదు. "ముందు రంగేనండి," అన్నాను.

తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది. ఆయన గోడకి తగిలించిన గీకుడు రేకు తీసి రత్నం చేతిలో పెట్టారు. "అతుకుల పొడుగునా గీకమ్మా. నువ్వు అటు, నేను ఇటు. అప్పలస్వామీ, సుద్ద నానబెట్టు."

"అయ్యో, వ్యాను పదింటికి వచ్చేస్తుందండీ! పన్నెండింటికి ప్రారంభోత్సవం!" అన్నాను.

"రానీ," అన్నారు.

పదకొండు నెలల బండి. నిగనిగలాడే ఆకుపచ్చ రంగు చారలు చారలుగా లేచిపోతుంటే నాకు చర్మం ఒలుస్తున్నట్టే ఉంది. సుద్ద పూసి ఆరబెట్టాం. పొట్ట లోపల ఆచారి గారు కుంచెతో కిరసనాయిలు రాశారు. ముగ్గురం స్టూళ్ళు వేసుకుని ఆ తెల్లటి గీతల్నే చూస్తూ కూర్చున్నాం. అంతలో భద్రరాజు గారు వ్యానుతో, నలుగురు మనుషులతో దిగారు. చేతిలో ఇత్తడి పలక ఉంది.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. "ఏమిటండీ ఈ ఘోరం! నిన్నటిదాకా పెళ్ళికూతురులా ఉంది కదా బండి!"

అప్పుడే రత్నం, "ఆచారి గారూ, అదిగో!" అంది. వెనక చక్రం పైన, వంపు తిరిగేచోట, పెసరగింజంత మరక. చూస్తుండగానే బొట్టుబిళ్ళంత అయింది. ఆచారి గారు వంగి చూసి, "అది నేను టంకం పెట్టిన అతుకే," అన్నారు. ఆ మాట ఎవరూ అడక్కుండానే అన్నారు.

రాజు గారు కూడా వంగి చూశారు. "ఇంతేనా? దీనికా ఇంత రాద్ధాంతం? అద్దాల పెట్టెలో నీళ్ళెక్కడివండీ? పైన ఇంత రంగు కొట్టండి, వ్యానెక్కిస్తాం. పెద్దలంతా వచ్చేస్తున్నారు."

"ఇవాళ ఎక్కదండి," అన్నారు ఆచారి గారు.

"ఎక్కదంటే?"

"కన్నం పూడ్చాలి, మళ్ళీ సుద్ద వెయ్యాలి, నీళ్ళలో దింపాలి. నీళ్ళలో దిగనిదే ఇది పెట్టెలోకి ఎక్కదు."

రాజు గారి ముఖం కందిపోయింది. "చూడండి ఆచారి గారూ, మర్యాదకి చెబుతున్నాను. ఈ పూట బండి రాకపోతే ఇంకెప్పుడూ రానక్కర్లేదు. ఫైబరుతో చేసేవాళ్ళు వారంలో చేసిస్తామంటున్నారు. ఈ పలక మీద మీ పేరు చెరిపించేస్తాను!" వెంట వచ్చినవాళ్ళతో, "మీరెత్తండ్రా!" అన్నారు.

ఆ నలుగురూ కదలబోయారు. ఆచారి గారు స్టూలు లాక్కుని బండికీ వాళ్ళకీ మధ్య కూర్చున్నారు, చేతిలో టంకం కడ్డీతో. గొంతు పెంచలేదు. "పేరు చెరిపించుకోండి బాబూ, మీ పలక మీ ఇష్టం. కారే పొట్ట మీద నా పేరు ఉండటానికి నేను ఒప్పుకోను. పిల్లలు అద్దంలోంచి చూసి, ఇది సముద్రం దాటిన బండి అనుకుంటారు. చెరువు కూడా దాటలేనిదాన్ని చూపించి, అవునని నేను అనలేను."

నాకు ఎక్కడలేని రోషం వచ్చింది. పోయి ఆయన పక్కన నిలబడ్డాను. తప్పు చేసినవాణ్ణి నేనే కాబట్టి ఛాతీ విరుచుకోలేదు, ఊరికే నిలబడ్డాను. రత్నం గీకుడు రేకు పట్టుకుని రెండోవైపు వచ్చి నిలబడింది. వ్యాను మనుషులు ముఖముఖాలు చూసుకున్నారు. వాళ్ళలో పెద్దాయన, "ఒద్దు బాబూ, కిరసనాయిలు కారతా ఉంది, వ్యానంతా పాడైపోద్ది," అన్నాడు. మా పరువు నిలబెట్టింది మేం కాదు, ఆ కిరసనాయిలే అని ఒప్పుకోవాలి.

రాజు గారు పలక చంకలో పెట్టుకుని విసవిసా వెళ్ళిపోయారు. అన్నంత పనీ చేశారు కూడా. ఈరోజుకీ ఆ ప్రదర్శనశాలలో ఉన్నది ఫైబరు బండి. పలక కొత్తది.

వ్యాను చప్పుడు ఆగిపోయాక ఆచారి గారు గుమ్మంవైపు ఒకసారి చూశారు. బాధ లేదని నేను అనను. కళ్ళజోడు తీసి పంచెతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, "కానివ్వండి," అన్నారు. పొట్ట లోపల బట్టల సోడా నీళ్ళతో కడిగించారు, ఎండలో ఆరబెట్టించారు. కిరసనాయిలు వాసన పూర్తిగా పోయేదాకా కొలిమి వెలిగించనివ్వలేదు. అప్పుడు టంకం పట్టడానికి నవాసాగరం రాసి, కన్నం మీద టంకంతో మాటు వేశారు. మళ్ళీ సుద్ద, మళ్ళీ కిరసనాయిలు. ఈసారి సుద్ద తెల్లగా, ఎండలో ముగ్గులా మెరిసింది. అరగంట చూశాం. మరక లేదు.

పెరట్లో సిమెంటు తొట్టి ఉంది. ముగ్గురం కలిసి బండిని అందులోకి దింపాం. ఆచారి గారు లెక్కవేసి మూడు ఇటుకలు లోపల పేర్పించారు. అసలు బండిలో పాతికమంది సిపాయిలు ఎక్కితే ఎంత బరువో, ఈ కొలతకి మూడు ఇటుకలు అంతన్నమాట. బాతుబండి కాస్త ఊగి, సర్దుకుని, తేలింది. చారలు చారలుగా రంగు ఊడి, గజ్జికుక్కలా ఉంది. అయినా తేలింది! నేను చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాను. సిగ్గెందుకు?

రత్నం చప్పట్లు కొట్టలేదు. తొట్టి గట్టు మీద కూర్చుని ఆ మూడు ఇటుకల్నే చూస్తోంది. కాసేపటికి సంచీలోంచి కాగితం తీసి మోకాలి మీద పరిచింది. నా జేబులో కలం అడిగి తీసుకుంది. 'పరీక్షలో మరక లేదు' అని అచ్చువేసి ఉన్నచోట అడ్డంగా గీత కొట్టింది. కింద, "రంగు గీకి, ముందు సుద్ద వేసి, మళ్ళీ చూడాలి" అని పెద్ద అక్షరాలతో రాసి, దాని కింద పైలా కనకరత్నం అని పూర్తి సంతకం పెట్టింది. టైం చూసుకుంది. ఒంటిగంటన్నర.

లేచి చీర కుచ్చిళ్ళు దులుపుకుని, ఆచారి గారి ముందు నిలబడింది. "వెళ్ళొస్తానండి. ఈ కాగితం చూసి గేటు దగ్గరే ఆపేస్తే ఏం చెయ్యమంటారు?"

మళ్ళీ ప్రశ్నే. నాకు నవ్వొచ్చింది, ఇప్పుడు ఏ పని చెబుతారో అని. ఆచారి గారు లోపలికి వెళ్ళి, ఒక సుద్దముక్క, మిగిలిన కిరసనాయిలు అరసీసా తెచ్చి ఆవిడ సంచీలో పెట్టారు.

"కాగితం తరవాత. ముందు ఈ సీసా చూపించమ్మా," అన్నారు. "అరసీసా కిరసనాయిలు చూసి ఎవడు గేటు వేసుకుంటాడో, కన్నం ఉందని వాడే చెప్పినట్టు."