జలపాతం ముందు దుప్పట్లు

మంచుకొండ రాజ్యంలో తెల్లధార అనే జలపాతం ఉండేది. దాన్ని చూడ్డానికి వచ్చే జనానికి ఒక విడిది కట్టమన్నాడు రాజు. మంత్రి భుజంగరాయుడు సరిగ్గా జలపాతం ఎదుటే మూడంతస్తుల పాలరాతి మేడకు ముగ్గు పోయించాడు. మేడ ఎంత ఎత్తు లేస్తుందో రాజుకు తెలిసేలా పొడవాటి వెదుళ్లు పాతించాడు.

అక్కడే కోట బట్టలు ఉతికే నూకాలు అది చూసి మొత్తుకుంది. "ఇంత మేడ ఇక్కడ లేపితే ధార ఎవరికి కనబడతాది బాబూ?"

"బట్టలుతికేదానివి, నాకు చెప్పొచ్చావా? పో అవతలికి!" అని కసిరాడు మంత్రి.

నూకాలుకి ఒళ్లు మండిపోయింది. రాజు వచ్చే రోజు పొద్దున్నే నిచ్చెన వేసుకుని, ఆ వెదుళ్లకు అడుగు నుంచి కొస దాకా తాళ్లు కట్టి, కోట దుప్పట్లన్నీ ఆరేసింది.

రాజుకు నీటి హోరు వినబడిందే గాని చుక్క నీరు కనబడలేదు. "జలపాతాన్ని మూసిందెవరు?" అని మండిపడ్డాడు.

"ఈ పొగరుబోతే ప్రభూ! కొరడా దెబ్బలు కొట్టించాలి!" అన్నాడు మంత్రి.

"కొట్టించండి దొరా!" అంది నూకాలు. "నా దుప్పట్లు పొద్దుగూకేలోగా ఆరతాయి, మడిచి పట్టుకుపోతాను. ఇదే కొలతకి మంత్రిగారు కట్టే రాతిగోడల్ని ఎవరు మడుస్తారు?"

రాజు మంత్రి వైపు తిరిగాడు. "ఆ వెదుళ్లు నీ చేతుల్తోనే పీకు."

చివరికి విడిది జలపాతం పక్కనున్న కొండవాలులో, కొండరాళ్లతో, గడ్డి కప్పుతో, పొదల ఎత్తు దాటకుండా లేచింది. విడిది ఎక్కడుందమ్మా, కనబడదేం అని ఎవరైనా అడిగితే నూకాలు విరుచుకుపడేది.

"మీరొచ్చింది నీళ్లు చూడ్డానికా, గోడలు చూడ్డానికా?"