అప్పడమైన ఏనుగు నాణెం

మరీ పూర్వం మాట కాదు. రాజులు కిరీటాలు పెట్టెల్లో దాచేసి కెమెరాల మోజులో పడ్డ రోజులవి. నీలాద్రిపాలెం సంస్థానానికి తిరుమల జగపతిరాజుగారు ప్రభువు. ఆయన మనసుకు ఒకటి తోచిందంటే తెల్లారేసరికి జరిగిపోవాల్సిందే.

ఒకనాడు ఆయనకు తాతగారి పెట్టెలో పాత వెండి నాణేలు దొరికాయి. వాటిలో ఏనుగు బొమ్మ నాణెం చూసి మురిసిపోయారు.

"వీటన్నిటికీ ఫోటోలు తీయించి పుస్తకం వేయిస్తాను. పక్క సంస్థానం వాళ్లు చూసి కుళ్లుకు చావాలి!" అన్నారు.

ఆస్థాన ఫోటోగ్రాఫరు వైకుంఠరావు. మద్రాసులో ఉన్నది ఆరు నెలలే గానీ అక్కణ్ణుంచి జీవితానికి సరిపడా గర్వం మోసుకొచ్చాడు. నాలుగు కరెంటు దీపాలు నాణెం మీదికి గురిపెట్టి ఫోటో తీసి పట్టుకొచ్చాడు.

"ఏమయ్యా, ఇదేమిటి, అప్పడమా?" అన్నారు రాజావారు.

"ఏనుగండీ. దీపాలు చాల్లేదు ప్రభూ."

ఎనిమిది దీపాలు తెప్పించారు. అప్పడం ఇంకాస్త తెల్లబడింది, అంతే.

పక్కనే సోమలింగం నిలబడి ఉన్నాడు. రాజావారికి పొద్దుపోనప్పుడు కబుర్లు చెప్పి నవ్వించడం అతని ఉద్యోగం. నోరు ఊరుకోక, "వేయించిందా, కాల్చిందా ప్రభూ?" అనేశాడు.

కొలువంతా నవ్వింది. వైకుంఠరావు పళ్లు కొరికాడు.

"జర్మనీ నుంచి అద్దం రావాలి ప్రభూ, టేకు స్టాండు చేయించాలి. అన్నిటికంటే ముందు, ఫోటోలు కడగడానికి నాకో చీకటి ఇల్లు కావాలి. సోమలింగం తండ్రికి సంస్థానం వారిచ్చిన ఇల్లుంది చూశారూ, అందులో మిట్టమధ్యాహ్నం కూడా తడుముకుంటూ నడవాలి. అంత నాణ్యమైన చీకటి మన ఊళ్లో ఇంకెక్కడా లేదు."

"సరే, ఆ ఇల్లు నీకిచ్చే కాగితం మీద శుక్రవారం కొలువులో సంతకం పెడతాను," అన్నారు రాజావారు.

ఇంట్లో సోమలింగం భార్య అచ్చయ్యమ్మ విరుచుకుపడింది. "ఆ అప్పడం జోలికి పోకపోతే మీ సొమ్మేం పోయిందండీ? ఇప్పుడు నా పొయ్యి ఏ వీధిలో పెట్టుకోమంటారు?"

సోమలింగం పుట్టింది ఆ ఇంట్లోనే, పెరిగింది ఆ చీకట్లోనే. అది పోతుందంటే, జీవితంలో మొదటిసారి అతనికి హాస్యం రాలేదు.

మర్నాడు పొద్దున అతను వెళ్లేసరికి రాజావారు తన గదిలో కిటికీ దగ్గర నిలబడి, ఏనుగు నాణేన్ని అటూ ఇటూ వాలుస్తూ చూసుకుంటున్నారు.

"దీపం కింద చూసుకోవచ్చుగా ప్రభూ?"

"దీపం కింద మిలమిల తప్ప ఏముందోయ్! ఇలా పక్కనుంచి వెలుగు పడితేనే ఏనుగు లేచి నిలబడుతుంది."

సోమలింగానికి ప్రాణం లేచొచ్చింది. "మరి కెమెరాదీ కన్నే కదండీ! మూలపడున్న ఆ డబ్బా కెమెరాతో సరదాగా ఒకటి తీద్దామా?"

కిటికీ పక్కన నేల మీద పాత గొడుగు నల్లగుడ్డ పరిచి, దాని మీద నాణెం పెట్టాడు. అటూ ఇటూ పీటలు పేర్చి, వాటి మీద కెమెరాను కిందికి చూసేలా బోర్లించాడు. రాజావారు పేపరు చదివే భూతద్దాన్ని దాని కంటికి దారంతో కట్టాడు. ఆ అద్దంలోంచి అక్షరాలు ఎంత దూరంలో తేటగా కనబడతాయో అంత ఎత్తుకు పీటలు సరిచేశాడు. కొత్తగా కొన్నది దారం ఒక్కటే.

నాణేనికి రెండో పక్క నీడ నల్లగా ఉంది. సోమలింగం ఒక తెల్ల అట్టముక్క తెచ్చి రాజావారి చేతికిచ్చాడు.

"కాస్త ఇలా పట్టుకోండి ప్రభూ. వెలుగు దీనికి తగిలి అటు పడుతుంది. కదలకండి!"

"నాకే ఆజ్ఞలటోయ్!" అంటూనే రాజావారు ఊపిరి బిగబట్టి, ఫోటో తీసేదాకా పట్టుకున్నారు. సాయంత్రానికి చదరంగంలో పడి ఆ సంగతే మరిచిపోయారు.

పట్నంలో కడిగించిన ఫోటో గురువారం వచ్చింది. అందులో ఏనుగు దంతాలతో సహా నిలబడి ఉంది. కానీ సోమలింగం ఎగిరి గంతేయలేదు. 'నేను తీశానంటే వైకుంఠరావు వంద వంకలు పెడతాడు, రాజావారు తలూపుతారు. అదే వాడు తీసిందనుకుంటే? వాడి నోరే పొగుడుతుంది,' అనుకున్నాడు.

శుక్రవారం కొలువులో వైకుంఠరావు తన ఫోటోలన్నీ వెండి పళ్లెంలో పేర్చి ఇచ్చాడు. పళ్లెం రాజావారికి అందించే పని సోమలింగానిదే. నాలుగడుగులు వేసేలోగా తన ఫోటో వాటిలో దూర్చేశాడు.

"అప్పడం... అప్పడం... ఇదీ అప్పడమే... ఓహో! ఇదెవరు తీశారయ్యా?"

వైకుంఠరావు మెడ సాచి చూశాడు. ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే మీసం సవరించుకున్నాడు.

"ఇంకెవరు ప్రభూ, నేనే! ఎనిమిది దీపాల మహిమ అది. ఈ నాసిరకం సామానుతోనే ఇలా వస్తే, జర్మనీ అద్దం వచ్చాక ఏనుగు ఘీంకరిస్తుంది!"

రాజావారు పొంగిపోయి ఇంటి కాగితం, కలం అందుకున్నారు. సోమలింగం ఒక అడుగు ముందుకేశాడు.

"ఒక్క సందేహం ప్రభూ. వైకుంఠరావుగారూ, ఇది తీసేటప్పుడు మీ పక్కన ఎవరైనా ఉన్నారాండీ?"

"ఛ! తలుపులు బిడాయించుకుని ఒక్కణ్ణే తీశాను. ఈ విద్యలో ఇంకొకరి చెయ్యి తగిలితే అపచారం!"

సోమలింగం వినయంగా వంగి ఫోటో మూలకు చూపించాడు.

"మరి ఇక్కడ అట్టముక్క పట్టుకున్న ఈ వేలు ఎవరిదండీ?"

రాజావారు ఫోటో కళ్లకు దగ్గరగా పెట్టుకున్నారు. వేలికి ఉంగరం, ఉంగరం మీద సంస్థానం ముద్ర. ఆయన ఫోటో దించి తన చెయ్యి చూసుకున్నారు.

"ఓరి నీ! ఇది నా వేలేనయ్యా! మొన్న సోమలింగం ఫోటో తీస్తుంటే అట్ట పట్టుకున్నది నేనే! తలుపులు బిడాయించుకుంటే నేను లోపలికెలా దూరానూ?"

కొలువు కొలువంతా పగలబడి నవ్వింది. వైకుంఠరావు మీసం మీది చెయ్యి దించేశాడు.

రాజావారు కళ్లు తుడుచుకుంటూ కాగితాన్ని పరపరా చింపేశారు. "ఇల్లు సోమలింగానిదే, పన్ను లేకుండా రాసిస్తున్నాను. నాణేలన్నిటికీ ఇతనే ఫోటోలు తీస్తాడు."

"చిత్తం ప్రభూ. కానీ రోజూ అట్ట పట్టుకోవడానికి ఏలినవారికి తీరికుంటుందో లేదో..."

"నేనెందుకోయ్! వైకుంఠరావు పట్టుకుంటాడు," అన్నారు రాజావారు.