బండ మీది రూలు, పచ్చాకు మీది రూలు

అనగనగా ఒక అడవి. ఎంత పెద్ద అడవంటే, ఈ చివర జింక తుమ్మితే ఆ చివరి నుంచి "చిరంజీవ" అన్న మాట వచ్చేసరికి వారం పట్టేది. అంత అడవికీ ఎండాకాలంలో ఒకటే వాగు. దానికి ఒకటే రేవని అందరూ అనుకునేవారు.

ఆ రేవుకు అధికారి బూచన్న అనే ఎలుగుబంటి. సింహంగారిచ్చిన ఉద్యోగం. పని మీద ప్రాణం పెట్టేవాడు, పాపం. కానీ ఆయనకో అలవాటు. గుహలో ఒక్కడే కూర్చుని ఆలోచించేవాడు. బయటికొచ్చి గోళ్లతో బండ మీద రూలు చెక్కేవాడు. చెక్కిన క్షణం నుంచే అది అమలు. ఎవర్నీ అడిగేది లేదు.

ఆ ఏడు ఎండలు ఎలా కాశాయంటే, నెమళ్లు ఉడికిన గుడ్లే పెట్టాయి. రేవు దగ్గర ఒకటే తోపులాట. ఓ కుందేలు ఏనుగు కాళ్ల మధ్య ఇరుక్కుని చావుతప్పి బయటపడింది. బూచన్న గబగబా గుహలోకి వెళ్లాడు, వచ్చాడు, చెక్కాడు.

"రేవుకు వచ్చేవాళ్లు భుజం భుజం ఆనించి వరుసగా నడవాలి."

అది చదివి సూదమ్మకు గుండె జారింది. సూదమ్మ ముళ్లపంది. ముగ్గురు పిల్లల తల్లి. అయినా రూలు రూలే కదా అని వరుసలో నిలబడింది. పక్కన అడవిపంది.

"అక్కా, కాస్త అటు జరుగు!"

"జరిగితే రూలు తప్పినట్టు తమ్ముడూ!"

మరుక్షణం అడవిపంది కెవ్వుమని ఎగిరింది. ఎంత ఎత్తంటే, పైన పోతున్న గద్ద పక్కకు తప్పుకుంది.

బూచన్న రెండో బండ చెక్కాడు. "ముళ్లున్నవాళ్లు ఒళ్లంతా బురద పూసుకుని రావాలి."

సూదమ్మ తను పూసుకుంది, పిల్లలకు పూసింది. నలుగురూ నీళ్లలోకి వంగారో లేదో, వాగంతా చింతపండు పులుసైపోయింది. అందరూ తిట్టిపోశారు.

బూచన్న మూడో బండ చెక్కాడు. "బురద ఒంటివాళ్లు రేవుకు నూరు బారల దూరంలో ఉండాలి."

సూదమ్మ రెండో బండ చూసింది, మూడో బండ చూసింది. బురద లేకపోతే రాకూడదు. బురదతో అసలే రాకూడదు. ముగ్గురిలో చిన్న కూతురు పిసరుకైతే నాలుక అంగిలికి అతుక్కుపోయి, "అమ్మా" అనడానికి కూడా నోరు రాలేదు.

ఇక ఆగలేక సూదమ్మ గుహకే వెళ్లింది. బూచన్న అరిగిపోయిన గోళ్లు ఊదుకుంటున్నాడు.

"చూడవే సూదమ్మా, మీ కోసం ఎలా అరిగిపోయాయో!"

"నీ మంచి మనసు నాకు తెలీదా బాబాయ్? ఆ కుందేలు బతకాలనేగా మొదలుపెట్టావు. కానీ చెక్కే ముందు ఒక్క మాట అడిగుంటే బాగుండేది."

"అందర్నీ అడుగుతూ కూర్చుంటే రూలు తేలేదెప్పుడే?"

"అడక్కుండా మూడు తేల్చావుగా. నా పిసరుకు మాత్రం చుక్క నీళ్లు లేవు."

బూచన్న ఊదడం ఆపేశాడు.

"సరే, ఇప్పుడడుగుతున్నాను. నువ్వైతే ఏం చేస్తావు?"

"వాగు వెంట పైకి వెళ్తే ఇంకో రేవుంది బాబాయ్. గాలివానకు మద్దిమాను అడ్డంగా పడి మూసుకుపోయింది. కొమ్మల్లోంచి నీళ్లు కనిపిస్తాయి, దూరడానికే సందు లేదు. జరపడం నా వల్ల కాదు. నీ వల్ల అవుతుంది."

బూచన్న పరుగెత్తాడు. భూమి అదిరి చెట్ల మీది కోతులన్నీ రాలిపడ్డాయి. మానును ఒక్క తోపు తోశాడు. గలగలమంటూ నీళ్లు! పిసరు తాగిన తాగుడికి వాగు జానెడు తగ్గింది. సగం మంది ఈ రేవుకు, సగం మంది ఆ రేవుకు. తోపులాటే లేదు.

సూదమ్మ కళ్లు తుడుచుకుంది. "నా పిల్లల్ని బతికించావు బాబాయ్."

"నన్ను బతికించింది నువ్వు తల్లీ," అన్నాడు బూచన్న రెండు చేతులూ జోడించి. "ఇన్ని బండలు చెక్కినా నేర్చుకోనిది నీ ఒక్క మాటతో నేర్చుకున్నాను."

ఆ రోజు నుంచి బూచన్న బండ ముట్టలేదు. కొత్త రూలేదైనా పచ్చి మోదుగాకు మీద గీసి రేవులో వేలాడదీసేవాడు. ఆకు ఎండేదాకా ఎవరైనా వచ్చి తమ మాట చెప్పొచ్చు. వింటే ఎందుకు విన్నాడో, వినకపోతే ఎందుకు వినలేదో ఆయన అందరికీ జవాబివ్వాలి. ఆకు ఎండాకే అది రూలు.

మొట్టమొదటి పచ్చాకు మీద ఇలా ఉంది. "ఆ మూడు బండలూ పగలగొట్టేస్తాను. ఎవరికైనా అభ్యంతరమా?"

అందరూ ఆకు చుట్టూ మూగారు. అప్పుడు వెనక నుంచి పిసరు చెయ్యెత్తింది.

"బండలుండనీ తాతా! వాటి మీద మేం జారుడుబండ ఆడుకుంటున్నాం. రాతలు మాత్రం గీకెయ్."

బూచన్న నవ్విన నవ్వుకు అడవిలో మామిడికాయలన్నీ ఒక్కసారే పండాయి. రాతలు పోయాయి, బండలు ఉన్నాయి. సాయంత్రం మొదటగా జారినవాడు కూడా ఆయనే. ఆ జారుడు చూస్తున్న సూదమ్మకు నవ్వాగక నాలుగు ముళ్లు ఊడిపోయాయి!

నీతి: పదిమందికి రూలు పెట్టాలనుకున్నవాళ్లు ముందు ఆ పదిమందినీ అడగాలి, తెలియంది చెప్పినవాళ్లకు మనసారా దణ్ణం పెట్టాలి.