అరిగిన గేరు రాడ్డు

అప్పలాచార్యులు గారు ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే మనిషి కారు. అడిగినవారి ముఖం కాసేపు చూసి, "సరే, చూద్దాం" అని ఊరుకునేవారు. మాడుగులలో ఆయన దగ్గర కూర్చుని వేదాంతం విన్నవారందరికీ ఇది తెలుసు. అందుకే జోగారావు తన ప్రశ్న అడిగేసి తల వంచుకున్నాడు.

"గురువుగారూ, అన్నయ్య పోయి ఇన్నేళ్ళయింది. ఆయన్ని ఎక్కడ మరిచిపోతానో అని నాకు భయం. ఈ భయం కూడా ప్రేమేనా?"

ఆచార్యులు గారు, "పాడేరులో నాతో చదువుకున్నాయన మంచం పట్టాడు. రేపు పొద్దున్నే చూసి రావాలి. కారు తీసుకురా," అన్నారు.

ఆ కారు అన్నయ్య రామ్మూర్తిదే. ఆయన పోయేనాటికి జోగారావు రాయపూరులో ఉద్యోగం చేస్తున్నాడు. కడచూపు దక్కలేదు. ఆ ఉద్యోగం వదులుకుని వచ్చి, వదిన సత్యవతికి అండగా ఇక్కడే ఉండిపోయాడు. కారుని మాత్రం మరొకరి చేతికి ఇవ్వలేదు. గేరు రాడ్డు తల మీద, బొటనవేలు ఆనేచోట, చిన్న గుంట పడి ఉండేది. అన్నయ్య వేలు అరగదీసిన గుంట అని అతని నమ్మకం. బండి ఎక్కినప్పుడల్లా అందులో తన వేలు ఉంచి, ఒక్క క్షణం ఆగి, అప్పుడు కదిలేవాడు. కొంతకాలంగా రెండో గేరు నిలవడం లేదు. రాడ్డుని ఎడమచేత్తో నొక్కిపట్టి నడుపుకొస్తున్నాడు. మార్పించమంటే వినడు. ఆ కారులో ఎవరైనా అన్నయ్య ఊసెత్తితే అతను కళ్ళు తుడుచుకుని ముఖం తిప్పేసుకునేవాడు. అది చూడలేక సత్యవతి కూడా ఆయన మాట ఎత్తడం మానేసింది.

తెల్లారి ముగ్గురూ బయలుదేరారు. పాడేరులో ఉన్న చెల్లెల్ని చూసి వద్దామని సత్యవతి వెనక సీట్లో కూర్చుంది. ఘాట్ రోడ్డులో ఎత్తైన మలుపు ఒకటి ఎక్కుతుండగా రెండో గేరు జారింది. కారు ఆగినట్టే ఆగి, వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. వెనక లోయ. జోగారావు కాలు బ్రేకు మీదికి పోలేదు. రెండు చేతులతో రాడ్డుని పట్టుకుని గేరు కోసం వెతుకుతున్నాడు.

"బ్రేకు, బాబూ," అంది సత్యవతి.

అప్పుడు తొక్కాడు. వెనక చక్రం రోడ్డంచు పిట్టగోడకి ఆనుకుని ఆగింది. ఆచార్యులు గారు ఉత్తరీయంతో ముఖం తుడుచుకున్నారు.

మొదటి గేరులోనే పాక్కుంటూ పాడేరు చేరి, మస్తాన్ అనే మెకానిక్ షెడ్డులో బండి పెట్టారు. అతను రాడ్డు ఊడదీసి కింది కొస చూపించాడు. గుండ్రంగా ఉండాల్సింది ఒక పక్కంతా అరిగిపోయి ఉంది. వేరే బండి నుంచి తీసిన మంచి రాడ్డు తన దగ్గరుందన్నాడు.

"వద్దు. దీనికే వెల్డింగు పెట్టు," అన్నాడు జోగారావు.

"పెడతానండి. కాని మీరు మళ్ళీ ఘాట్ దిగాలి. నేను పూచీ పడలేను."

"ఫరవాలేదు. ఇది మా అన్నయ్య చెయ్యి పట్టిన రాడ్డు."

సత్యవతి షెడ్డు గుమ్మం దగ్గర నుంచి లోపలికి వచ్చింది. "కాదు బాబూ. మీ అన్నయ్య పట్టింది విరిగిపోతే ఆయనే తీయించేశారు. ఇది వేయించిన కొద్దిరోజులకే పోయారు. అప్పుడు దీని తల నున్నగా ఉండేది."

జోగారావు రాడ్డు వంక చూశాడు. "మరి ఈ గుంట?"

"నీ వేలిదే. రోజూ నువ్వు దాన్ని తడుముకుంటుంటే చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ కూడా చెప్పకపోతే..." ఆ పైన అనలేక ఆచార్యుల వైపు చూసింది.

జోగారావు అక్కడున్న టైరు మీద కూలబడ్డాడు. ఆ గుంట మీద బొటనవేలు పెట్టాడు. అచ్చంగా సరిపోయింది. ఇన్నేళ్ళూ అలా సరిపోవడమే తనకు ఓదార్పుగా ఉండేది. ఇప్పుడు అదే సిగ్గనిపించింది. ఎంతోసేపటికి లేచి, రాడ్డుని మస్తాన్ చేతికిచ్చి, "నీ దగ్గరున్నదే వెయ్యి," అన్నాడు.

రోగిని పలకరించి, సత్యవతి చెల్లెలింట్లో భోజనం చేసి, పొద్దు వాలుతుండగా ఘాట్ దిగసాగారు. కొత్త రాడ్డు తల అతని అరచేతికి పరాయిగా, చల్లగా తగిలింది. గేరు మాత్రం వేసినచోట నిలిచింది. కొన్ని మలుపులు దాటాక అతను వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"వదినా, అన్నయ్య ఈ దారిలో ఎలా నడిపేవాడు?"

"కూనిరాగం తీసేవారు," అంది ఆమె. "శ్రుతీ లేదు, లయా లేదు. నేను నవ్వితే ఇంకా గట్టిగా అందుకునేవారు. సంత నుంచి పసుపు గోనెతో నడిచిపోయే ముసలమ్మ కనిపిస్తే చాలు, ఆపి ఎక్కించుకునేవారు. నా చీరలన్నీ పసుపే."

జోగారావుకి నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే కళ్ళు మసకబారితే, ఎడమచేత్తో తుడుచుకున్నాడు. అన్నయ్య పాడేవాడని అతనికి తెలియదు. పక్కన కూర్చున్న గురువుగారి వైపు ఓరగా చూశాడు. కళ్ళు మూసుకుని ఉన్నారు.

"గురువుగారూ, నిన్న నేనడిగింది..." అని మొదలుపెట్టాడు.

"ఉండవయ్యా," అన్నారు ఆచార్యులు గారు. "ఆవిడని చెప్పనీ."