ఈదన్న చూపు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మా మేనమామ బయన్న. మా గూడెంలో వేటకొచ్చేవాళ్ళకు జాడ చూపే ఈదన్న దగ్గర అడవి నేర్చుకున్న శిష్యుడాయన. అక్కడే నిలబడి కళ్ళారా చూసినవాడు. తక్కినవాళ్ళు చెప్పేదంతా విన్నవాళ్ళ దగ్గర విన్నదే.

ఈదన్నకు అడవిలో మాట్లాడే అలవాటు లేదు. ఇంటి దగ్గరా లేదనుకోండి. భార్య పోయాక మాట్లాడటానికి ఎవరూ మిగల్లేదు. జాడ కనిపిస్తే కర్రతో చూపేవాడు, అంతే. ఒకనాడు బయన్న ఉండబట్టలేక అడిగాడు: "పెద్దయ్యా, తెలిసిందంతా నోట్లోనే పెట్టుకుంటే, నీకు తెలుసని ఎవరికి తెలుస్తుంది?"

"ఎల్లుండి దొర వేటకొస్తున్నాడు. నువ్వూ రా," అన్నాడు ఈదన్న.

ఆ ఏడు దొర కోరింది కణుజును. కణుజంటే ఒంటరిగా తిరిగే పెద్ద దుప్పి. లేతవాటిని ఎవరైనా పట్టిస్తారు, వాగు ఒడ్డునే జాడ వదిలిపోతాయి. ముదిరినది అట్లా కాదు. మేసినచోట పడుకోదు. పడుకున్నచోట వీపు వైపు నుంచి గాలి రావాలి, ఎదురుగా మనిషి కనబడాలి. మా కొండ మీద అట్లా ముదిరిన కణుజు ఒకటి ఉండేది, దాని వెంట ఈదన్న పదకొండేళ్ళు తిరిగాడు. అది కొమ్ములు రాసుకున్న బెరడు, పడుకుని లేచిన గడ్డి, ఉసిరికాయలు తిని కక్కిన గింజలు, అన్నీ ఎరుగును.

మూడు రోజులు దొరను కొండకు అవతలి వైపే నడిపించాడు. చూపినవన్నీ పాత జాడలే. ఆ సంగతి బయన్నకూ తెలియలేదు. మూడోనాడు పొద్దువాలే వేళ దొర డేరా ముందు కుర్చీలో కూలబడి, బూట్లు విప్పించుకుంటూ, "ఏం ముసలాయనా, నీ కణుజు కాశీకి పోయిందా?" అన్నాడు.

వంటవాడు అందుకున్నాడు. "చూపు పోయింది దొరా. మొన్న నా గంగాళాన్ని చూసి ఎలుగుబంటి అనుకుని దండం పెట్టాడు."

అందరూ నవ్వారు. బయన్న తట్టుకోలేక తల పక్కకు తిప్పుకున్నాడు. దొర కుర్చీ వెనక, అంట్లనీళ్ళు పారబోసే చోటికి అవతల, బలుసు పొదలో ఒక చెవి కదిలింది. నలభై అడుగుల దూరం ఉంటుందేమో. వేటకొచ్చిన ప్రతివాడూ డేరా నుంచి ముందుకే నడుస్తాడు, వెనక్కి చూడడు. కణుజు అది నేర్చుకుంది. ఒక్క మాట చెబితే గురువు పేరు నిలుస్తుంది. బయన్న నోరు తెరిచాడు.

"అబ్బయ్యా, పొగాకుందా?" అన్నాడు ఈదన్న. చేయి చాచి బయన్న మణికట్టు పట్టుకున్నాడు. వదల్లేదు.

దొర మర్నాడే డేరాలు ఎత్తించి, ఇక ఈ ముసలివాణ్ణి పిలవొద్దని గుమాస్తాతో చెప్పాడు. ఆ తర్వాత గూడెంలో తేనెకు పోయేవాళ్ళు కూడా ఈదన్నను దారి అడగటం మానేశారు. సాయంత్రాలు అతని అరుగు మీద కూర్చునేవాళ్ళు లేకపోయారు. చచ్చేదాకా అంతే.

ఆనాడు తిరిగొచ్చే దారిలో బయన్న ఏడుపు ఆపుకోలేక, "చెప్పి ఉంటే నీ పేరు నిలిచేది కదా పెద్దయ్యా," అన్నాడు.

"నిలిచేది," అన్నాడు ఈదన్న. కొంతదూరం నడిచాక, "మరి రేప్పొద్దున ఎవరి జాడ కోసం లేచేవాణ్ణి?" అన్నాడు.

మా గూడెం చరిత్ర అంటూ పుస్తకం వేసిన పంతులు, ఈదన్నకు ముసలితనంలో చూపు మందగించి దొర ముందు పరువు పోయిందని రాశాడు. రెండుసార్లు నడిచివెళ్ళి చెప్పాను. రెండుసార్లూ నన్ను కూర్చోమనలేదు. అది నేను మరిచిపోయేది కాదు. ఈదన్న ఎవరినీ ఏమీ అడగలేదు. నేను అడుగుతున్నాను. ఆ పుస్తకం మళ్ళీ అచ్చువేసేవాళ్ళెవరైనా సరే, చూపు పోయిందన్న ఆ ఒక్క మాట కొట్టేయండి.